మూలన బిగించిన ముక్క

మా వంశంలో మిగిలిన ఆస్తి నా అరచేతిలో పడుతుంది. నాలుగంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గట్టి చెక్క దిమ్మ. దాని మీద వానలో నడుస్తున్న మనిషి బొమ్మ చెక్కి ఉంది. తలమీద తాటాకు గొడుగు, మోకాళ్ళ దాకా ఎగగట్టిన పంచె, వెనకాల ఒక గేదె. మిగిలిన జాగా అంతా వానే. వెంట్రుకల్లాంటి గీతలు, ఒకదాన్నొకటి తాకకుండా, పై అంచు నుంచి కింది దాకా. సిరా పూసి కాగితం అద్దితే బొమ్మ పడుతుంది.

విక్టోరియా రాణి కాలంలో మా ముత్తాతగారికి అచ్చుకూటం ఉండేది. పిల్లల వాచకాలు, పంచాంగాలు, వైద్య గ్రంథాలు అచ్చు వేసేవారు. బొమ్మలున్న పుస్తకం కావాలంటే చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు మా గుమ్మం తొక్కవలసిందే. ఆ బొమ్మలు గీసిందీ చెక్కిందీ మా ముత్తాతగారేనని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళం. దసరాకు దిమ్మల పెట్టెకు ఎర్ర పట్టుగుడ్డ కప్పి పూజ చేసేవాళ్ళం. నేను ఆ పెట్టె ముందు సాగిలపడి పెరిగాను.

తరువాత అచ్చుకూటం పోయింది. సీసం అక్షరాలు ఎవరి కొలిమిలోనో కరిగాయి. రెండు గోనెసంచుల దిమ్మలు మా పినతండ్రిగారింట్లో నీళ్ళ కాగు కిందకు వెళ్ళాయి. గట్టి కర్ర, పొగ రాదు, బాగా మండుతుంది అని మా పిన్ని మెచ్చుకుంది కూడా. ఈ ఒక్కటీ కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టబట్టి బతికింది. నేను దాన్ని తీసి జేబులో వేసుకుని వచ్చేశాను. జాలి కోసం ఇది రాయడం లేదు. ఎవరి జాలీ మాకు అలవాటు లేదు.

ఉద్యోగానికి సౌదీలోని దమ్మామ్ వచ్చేటప్పుడు ఆ దిమ్మను బట్టల మధ్య చుట్టి తెచ్చాను. దేవుడి బొమ్మ కాదు కనుక ఇబ్బంది ఉండదనుకున్నాను. విమానాశ్రయంలో తనిఖీ చేసే యువకుడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "యేష్ హాజా?" అన్నాడు. ఏమిటిది అని. ముద్ర అన్నాను. "ఏ కంపెనీ?" అన్నాడు. మా కుటుంబానిది అన్నాను. నవ్వి ఇచ్చేశాడు.

ఇండస్ట్రియల్ సిటీలో ఒక వర్క్‌షాప్‌లో నాది కాగితాల పని. జుబైల్ ప్లాంట్లలో ప్రతి వాల్వుకూ ప్రతి పైపుకూ ఒక పేరు, ఒక నంబరు ఉంటాయి. ఆ పేర్లు స్టీలు రేకుల మీద చెక్కి పంపడం మా వర్క్‌షాప్ పని. ఏ రేకు మీద ఏం చెక్కాలో జాబితా సరిచూసి సంతకం పెట్టేది నేను. మరమ్మతులకు ప్లాంట్లు ఆపే షట్‌డౌన్ రోజుల్లో వేలకొద్దీ రేకులు వెళతాయి. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుంటాను. మెస్‌లో కింద కూర్చుని తినను, నా పళ్ళెం గదికి తెచ్చుకుంటాను. అందుకే తెలంగాణ వాళ్ళు నాకు దొర అని పేరు పెట్టారు. గౌరవించి కాదని నాకు తెలుసు.

ఆ పేరు పెట్టినవాడు నిర్మల్ ఊరి వైపు మనిషి. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు, పాకిస్తానీ ఫోర్‌మన్‌తో సహా. మిషన్లు చేయలేని పని ఆయన చేతికి వచ్చేది. వంపు తిరిగిన పైపు మీద, పాత ఇత్తడి పలక మీద, సన్న ఉలితో చేత్తో చెక్కేవాడు. వాళ్ళ నాన్నా తాతా కర్ర మీద నగిషీ పని చేసినవాళ్ళు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. పొద్దున్నే జాబితా తీసుకుని ఆయన బల్ల దగ్గరికి వెళితే తల ఎత్తకుండానే మొదలుపెట్టేవాడు.

"ఏం దొరా, ఇయ్యాల గూడ ఇస్త్రీ మడత నలగలే? బస్సుల నిలబడి వచ్చినవా ఏంది?"

"జాబితా చూడవయ్యా ముందు."

"సూస్తగని, కూసుంటె నీ నడుం ఇరగదు. గ స్టూలు నీకోసమే తుడిచి పెట్టిన."

నేను కూర్చునేవాణ్ణి కాదు.

కిందటేడు ఈమెయిల్‌లో ఒక ఉత్తరం వచ్చింది. హైదరాబాదులో ఒక కాలేజీ అధ్యాపకురాలు, పాత తెలుగు పుస్తకాల్లోని బొమ్మల గురించి పుస్తకం రాస్తున్నారు. మా అచ్చుకూటంలో వేసిన వాచకం ఒకటి ఆమెకు దొరికింది. వానలో మనిషి బొమ్మ కింద కుడి మూలన మా ముత్తాతగారి పేరులోని రెండు అక్షరాలు ఉన్నాయి. ఎవరెవరినో అడిగి నన్ను పట్టుకున్నారు. "ఇంత సన్నని పని ఆ కాలం తెలుగు పుస్తకాల్లో నేను చూడలేదు. బొమ్మ గీసినవారు, చెక్కినవారు ఒకరేనా? మీ ఇంట్లో ఏం చెప్పుకునేవారు? అసలు దిమ్మ ఉంటే దాని అచ్చు ఒకటి పంపగలరా? మీరు చెప్పిందే వేస్తాను" అని రాశారు.

ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పను. ఇల్లు పోయింది, అచ్చుకూటం పోయింది. పేరు ఒక్కటీ ఒక పుస్తకంలో నిలబడితే చాలు అనిపించింది. నా తరువాత మాలో ఎవరూ లేరు.

అచ్చు తీయడం నాకు రాదు. ఉస్తాద్‌ను అడగక తప్పలేదు. ఒక గురువారం సాయంత్రపు అసర్ నమాజుకు ఫోర్‌మన్ వాళ్ళు వెళ్ళిన విరామంలో దిమ్మ తీసుకువెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చేతులు తుడుచుకుని దాన్ని తీసుకున్నాడు. వెలుతురుకు వంచి చూశాడు.

"ఎవలు చెక్కిండ్రు దొరా గిది?"

"మా ముత్తాతగారు."

"మస్తు చెయ్యి. వాన సూడు, ఒక్క గీత తప్పలే. అబ్బ!"

పక్క సెక్షన్ నుంచి నల్లసిరా తెప్పించాడు. రోలరుతో పలచగా పూశాడు. గిఫ్టులు చుట్టే సన్న కాగితం పరిచి, టీ చెంచా వీపుతో మెల్లగా రుద్దాడు. కాగితం ఎత్తాడు. నాకు ఊహ తెలిశాక ఆ బొమ్మ కాగితం మీదికి రావడం చూడటం అదే మొదలు. మొహం పక్కకు తిప్పుకున్నాను. దగ్గినట్టు నటించాను.

ఉస్తాద్ కాగితం వైపు చూడటం లేదు. సిరా తుడిచిన దిమ్మను భూతద్దం కింద పెట్టి, బొటనవేలి గోరును వాన గీతల మీద నడిపిస్తున్నాడు.

"మీ ముత్తాతది ఎడమచెయ్యా?"

"కాదు. ఎందుకు?"

"గాటు ఒక్కదిక్కు ఒరుగుతది దొరా. కుడిచేతోని కొడితె గాటు గోడ ఇటు ఒరుగుతది. గిది అటు ఒరిగింది. అన్నీ అట్లనే ఉన్నయి, గేద కొమ్ముల దాకా. ఎడమచేతి మనిషి చెక్కిండు."

ఫోటో లేదు కానీ మా ముత్తాతగారి నిలువెత్తు తైలచిత్రం ఉండేది. కుడిచేతిలో కలం. మా నాన్నగారి నాన్నగారికి ఆయన కుడిచేతి దెబ్బలు బాగా గుర్తు. ఆ మాట ఉస్తాద్‌తో అనలేదు.

ఆయన మూల దగ్గర ఆగాడు. రెండు అక్షరాలున్న చోట. సూదితో గుచ్చి చూపించాడు. అక్షరాల చుట్టూ చిటికెన వేలి గోరంత గుండ్రటి గీత. ఇన్నేళ్ళు చేతిలో తిప్పినా నేను చూడలేదు.

"గిది ముక్క దొరా. మా తాత గూడ చేసేటోడు. చెక్కేటప్పుడు తప్పు బోతె అంతమేర తొలిసి, కొత్త కర్రముక్క బిగించి, దాని మీద మళ్ళ చెక్కుతరు. గీ ముక్క వేరే కర్ర. గీ అక్షరాలు కుడిచేతియి. సూడు, వణికినయి. పనోని చెయ్యి గాదు."

"అయితే?"

"అయితే ఏంది. గీడ ఇంకేదో ఉండె. దాన్ని తొలిసిండ్రు."

తప్పు దిద్దుకోవడానికి పనివాళ్ళు కనిపెట్టిన ఉపాయం అది. మా వాళ్ళు దాన్ని దేనికి వాడారో నాకు ఆ క్షణానే అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోవడానికి మాత్రం నెలలు పట్టింది.

"మా ముత్తాతగారిని దొంగ అంటున్నావా?"

"నేననలే దొరా. నువ్వే అన్నవు."

దిమ్మ లాక్కున్నాను. అవును, లాక్కున్నాను. ఆయన సిరా చేతులతో అలాగే నిలబడి అన్నాడు.

"ముప్పై ఏండ్ల సంది జుబైల్ల ఎన్ని వాల్వులకు పేర్లు చెక్కిన్నో నాకే తెల్వది. ఒక్కదాని మీద నా పేరు లేదు. వాల్వు మీద నా పేరెందుకుంటది, దాని పేరే ఉండాలె. గనీ అండ్ల మూలకు ఫోర్‌మన్ తన పేరు చెక్కుకుంటె ఊకుంటనా? ఆ మేడంకు గింతే రాయి. చెక్కినాయన పేరు తెల్వది అని రాయి. మీ ముత్తాత బొమ్మ గీసిండేమో, గీసిండని రాయి. ఎవలు వద్దన్నరు?"

ఆ రాత మా ఇంట్లో రాసేది కాదు. గదికి వచ్చి ఆమెకు జవాబు టైపు చేశాను. "గీసినది, చెక్కినది మా ముత్తాతగారే. ఇది మా కుటుంబంలో తరతరాలుగా తెలిసిన విషయం." అచ్చు ఫోటో తీసి దానితో పంపాను. ఆమె అదేరోజు ధన్యవాదాలు చెప్పారు.

నేను పుట్టుకతో ఎడమచేతి వాటం. అన్నం కుడిచేత్తో తినేదాకా, పలక మీద కుడిచేత్తో రాసేదాకా నన్ను కొట్టారు. ఎడమచెయ్యి ముందుకు వస్తే మా నాయనమ్మ వేళ్ళ మీద గరిటె కాడతో ఒక్కటి వేసేది. "ఏవిట్రా ఆ చెయ్యి, దిమ్మలవాడిలాగా!" అనేది. దిమ్మలవాడు ఎవరే అని ఒకసారి అడిగాను.

"ఉండేవాట్ట మీ ముత్తాతగారి దగ్గర. మా అత్తగారు చెప్పేవారు. వెనక వసారాలో ఉత్తరం కిటికీ దగ్గర కూచునేవాడు. ముందు నీళ్ళు పోసిన గాజుబుడ్డి, దాని వెనక దీపం. ఆ వెలుగు చెక్క మీద పడేలా పెట్టుకుని, అస్తమానం ఎడంచేత్తో గీకుతూ ఉండేవాట్ట. విస్తరి అక్కడికే పంపేవారు."

"ఏం గీకేవాడు?"

"చెక్క నున్నగా చేసేవాడు. బొమ్మ మీ ముత్తాతగారు చెక్కొద్దూ?"

నునుపు చేసేవాడికి అంత దీపం ఎందుకని నేను అడగలేదు. ఆ తరువాత యాభై ఏళ్ళలో ఎప్పుడూ నన్ను నేను అడుక్కోలేదు.

షట్‌డౌన్ ముగిసింది. కొత్త లేజర్ మిషన్ వచ్చింది, వంపుల మీద కూడా చెక్కుతుంది. ఉస్తాద్ కుడిచెయ్యి అప్పటికే కొద్దిగా వణుకుతోంది. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, మళ్ళీ చేయించడం లేదని, ఫైనల్ ఎగ్జిట్ మీద ఇక ఇంటికేనని యజమాని కఫీల్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆ కాగితం మీద సాక్షి సంతకం నాదే. దిమ్మ లాక్కున్న రోజు నుంచి జాబితా విషయాలు తప్ప మేం మాట్లాడుకోలేదు.

వెళ్ళే రోజు పొద్దున ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"ఎట్లున్న దొరా? నీ లెక్క లేనూ?"

"బాగున్నావు."

"ఆ మేడంకు ఏం రాసినవు?"

"రాశాను."

"అదే, ఏం రాసినవు?"

"రాయాల్సింది రాశాను."

నా మొహంలోకి చూశాడు. "సరే తియ్యి" అన్నాడు. జేబులోంచి పాతగుడ్డ పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. అందులో ఆయన సన్న ఉలి, అరచేతి నూనె పట్టి నల్లబడిన పిడితో.

"కంపెనీది గాదు, నాదే. ఇంటికి తీస్కపోయి ఏం జెయ్యాలె, కూరగాయలు కోస్తనా? ఉంచుకో."

బయట కంపెనీ వాళ్ళు ఆయనకు ఒక ఖర్జూరాల డబ్బా, పూల డిజైన్ దుప్పటి ఒకటి ఇచ్చి ఫోటో తీశారు. దుప్పటి పెట్టెలో పట్టలేదు. చంకలో పెట్టుకుని వ్యాన్ ఎక్కాడు. నేను గేటు దాకా వెళ్ళాను. చెయ్యి ఎత్తానో లేదో గుర్తు లేదు.

వ్యాన్ మలుపు తిరిగాక నాయనమ్మ చెప్పిన మిగతా సంగతి గుర్తొచ్చింది. దిమ్మలవాడికి నడివయసులోనే చూపు పోయింది. ముత్తాతగారు ధోవతుల చాపు పెట్టి పంపేశారు. ఎక్కడికి వెళ్ళాడే అని అడిగితే, "ఏమో నాయనా, ఎవరడిగారు?" అంది. పేరేమిటే అని అడిగితే కాస్త ఆలోచించింది. "దిమ్మలవాడనే అనేవారు" అంది.

ఆ మధ్యాహ్నమే అధ్యాపకురాలికి రాశాను. నేను ముందు చెప్పింది తప్పనీ, చెక్కినది మా అచ్చుకూటంలో పనిచేసిన ఎడమచేతి వాటం మనిషనీ, పేరు తెలియదనీ. ముక్క సంగతి కూడా రాశాను. ఆమె జవాబు మర్యాదగా ఉంది. పుస్తకం అచ్చుకు వెళ్ళి పదిరోజులైందట. మలి ముద్రణ వస్తే తప్పక సరిచేస్తానన్నారు. తెలుగులో అలాంటి పుస్తకానికి మలి ముద్రణ ఎప్పుడొస్తుందో అచ్చుకూటం వాళ్ళ పిల్లవాణ్ణి, నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

సెలవు మీద వెళ్ళి వచ్చినాయన ఒకరు ఆ పుస్తకం తెచ్చి ఇచ్చారు. మంచి కాగితం, మంచి అట్ట. బొమ్మ పేజీ నిండా ఉంది. కింద మా ముత్తాతగారి పూర్తి పేరు, నేను రాసిన వాక్యం, అక్షరం మారకుండా. ఆయన ఒక్క చెక్కలో చేసిన పనిని నేను ఆ పుస్తకం ప్రతులన్నిటిలోనూ చేశాను. పైగా ఆయన చెయ్యి వణికింది.

ఒక శుక్రవారం పొద్దున ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. వీడియోలో ఆయన నులకమంచం మీద కూర్చున్నాడు. భుజాన అదే పూల దుప్పటి.

"ఓ, దొర! నాకు ఫోన్ జేసినవంటె మిషన్ ఖరాబైందా?"

"ఉస్తాద్" అన్నాను. అలా పిలవడం అదే మొదటిసారి. ఆయన నవ్వు ఆగింది. "ఆ మూల ముక్క తీయాలంటే ఎలా?"

"ఎందుకు తీసుడు?"

"తీయాలి."

"కింద ఏం దొరకదు దొరా. తొలిసినంక పేరు పొట్టయి పోతది. గాలికి పోయింది అప్పుడే."

"తెలుసు."

భుజాన దుప్పటి సర్దుకుని చెప్పాడు. "తడి తగలనియ్యకు. మిద్దె మీద ఏసీ డబ్బా వేడిగాలి కొడతది సూడు, ఆడ మూడు రోజులు పెట్టు. ముక్క దానంతల అదే వదులైతది. ఉలి మొన నడిమిట్ల గుచ్చు. గుచ్చి, దిమ్మను తిప్పు. ఉలిని తిప్పకు."

అలాగే చేశాను. నాలుగో రోజు సాయంత్రం గదిలో కిటికీ దగ్గర కింద కూర్చుని, దిమ్మను మడిచిన తువ్వాలు మీద పెట్టి, తిప్పాను. సగం తిరిగాక చూసుకుంటే ఉలి నా ఎడమచేతిలో ఉంది. ఎప్పుడు మారిందో తెలియదు. మార్చలేదు. ముక్క చిన్న చప్పుడుతో ఊడి వచ్చింది. కింద ఎండిపోయిన బంక, చిటికెడు పొడి. అంతే.

సిరా పూసి, సన్నకాగితం వేసి, చెంచాతో రుద్దాను. మొదటి రెండూ చెడిపోయాయి. మూడో కాగితం మీద బొమ్మ పడింది. గొడుగు మనిషి, గేదె, వాన. కుడి మూలన వాన మధ్యలో గుండ్రంగా తెల్లటి ఖాళీ. ఆ కాగితం వెనక పెన్సిలుతో రాశాను. "ఇది చెక్కినవారి పేరు మా ఇంట్లో చెరిపేశాం." కింద నా సంతకం పెట్టి అధ్యాపకురాలికి పోస్టు చేశాను. మలి ముద్రణ రాకపోతే ఆమె బీరువాలోనైనా ఉంటుంది.

పంపే ముందు ఫోటో తీసి ఉస్తాద్‌కు పంపాను. గంట తరువాత ఆయన గొంతు వచ్చింది.

"మంచి దిమ్మను ఖరాబు జేసినవు గద దొరా." వెనక కోడి అరుస్తోంది. ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఫోటోను పెద్దది చేసి చూస్తున్నట్టున్నాడు. "సిరా జెర ఎక్కువైంది. చెంచా గట్టిగ ఒత్తినవు. మళ్ళొకటి తియ్యి, నాకు పంపు. మన మెస్‌ల జగిత్యాలాయన సెలవు మీద వస్తున్నడట, ఆయన చేతికియ్యి. మడత పెట్టకు."

ఇంకొకటి తీశాను. మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి, జగిత్యాలాయన పెట్టెలో అడుగున, బట్టల కింద నేనే సర్దాను.